కంబళికి అంటిన కుక్కనాలుక

బట్టలుతికే యంత్రం లాండ్రీ అంతా హోరెత్తిస్తోంది. ఆ హోరులో బావ అరిచిన మాట బావమరిది చెవికి "కుక్కనాకొడకా" అని చేరింది.

"ఎవణ్ణి బావా ఆ మాట అంటున్నావు?" అని తడిచేతులతోనే మీదికొచ్చాడు.

అక్క పరుగున వచ్చి యంత్రం ఆపింది. "కుక్కనాలుక అన్నార్రా! గోడవతల బీడునేలలో పెరుగుతుందే, ఆ మొక్క!"

"మొక్కనే అన్నాను," అన్నాడు బావ. "నిన్ను అనాల్సింది ఇంకా మొదలెట్టలేదు."

ఆ మొక్కకు నీలం పూలు, చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి. ఆకు కుక్క నాలుకలా పొడుగ్గా వేలాడుతుంది. గింజలకు మాత్రం ఒళ్ళంతా కొక్కేలే. వాటిని ఎవరేమీ అనక్కర్లేదు, అవే అంటుకుంటాయి. అలా హోటలు కంబళ్ళకు అంటుకుని, కప్పుకున్నవాళ్ళ వీపులు గీరిపెట్టాయి. అందుకే హోటలు మేనేజరు ఒక కంబళి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

లాండ్రీలో ఆరేసేవాడు బావమరిది, ఆరా తీసేవాడు బావ.

"తీగెల మీద వెయ్యడానికి ఒళ్ళొంగక వీడు బీట్లో పరిచేశాడండీ. ఇవాళే పంపించేస్తాను," అన్నాడు బావ.

బావమరిది కాపురం ఉండేది లాండ్రీ వెనక గదిలోనే. పని పోతే ఆ గదీ పోతుంది. పెళ్ళాం, తనూ సామానుతో వీధిలో నిలబడాలి.

"తీగెల మీదే వేశానండీ! ప్రతి కంబళీ అక్క దీపం కింద చూసే పంపుతుంది."

"తమ్ముడికి అక్క సాక్ష్యం! భేషుగ్గా ఉంది!"

మేనేజరు విసుక్కున్నాడు. "నా ముందు ఒక కంబళి మూట కట్టండి, చూస్తాను."

అక్క ఆరిన కంబళిని దీపం కింద పరిచి రెండువైపులా తడిమింది. మేనేజరూ తడిమాడు. ఒక్క గింజ లేదు. మడతపెట్టి మొగుడి చేతికిచ్చింది.

మూట కట్టడం బావ సొంత విద్య. కంబళిలో గాలి పోవాలంటే బొజ్జకేసి గట్టిగా హత్తుకోవాలంటాడు. కట్టుకున్నదాన్ని కూడా అంత ప్రేమగా హత్తుకుని ఎరగడు. ఇప్పుడూ హత్తుకున్నాడు, ఒత్తాడు, తాడు బిగించాడు.

"విప్పండి," అన్నాడు మేనేజరు.

పైమడతలో గింజలు!

అక్క మొగుడి ఉన్ని స్వెట్టరు పట్టుకుని దీపం కిందికి లాగింది. గోధుమరంగు స్వెట్టరు, గోధుమరంగు గింజలు. కంటికి ఆనలేదు గానీ ఆమె వేళ్ళకు కసిక్కున గుచ్చుకున్నాయి.

"రోజూ బీట్లోంచి అడ్డదారిన వచ్చేది ఎవరండీ?" అంది.

బావ స్వెట్టరు విడిపించుకోబోయాడు.

"బట్టల్ని వదిలేసి నన్ను ఉతికారేశావుగా బావా! ఇప్పుడు చెప్పు," అన్నాడు బావమరిది.

ఇస్త్రీ చేసేవాళ్ళంతా పెట్టెలు నిలబెట్టి వచ్చి చుట్టూ మూగారు. బావ గోడకేసి చూస్తూ ఏదో గొణిగాడు.

"వినబళ్ళేదు!" అన్నాడు బావమరిది.

"బీట్లో నడిచింది నేను!" బావ గొంతు చించుకున్నాడు. "గింజలు నా స్వెట్టరువి! హత్తుకుని అంటించింది నేను! వీడు తీగెల మీదే ఆరేశాడు, వీడెక్కడికీ పోనక్కర్లేదు! చాలా?"