కుడి అక్కది, ఎడమ తమ్ముడిది

సెలూన్ నడిపే ఆయన్ని అందరూ వెన్నపూస అనే పిలిచేవారు. ఆయన గడ్డం గీస్తుంటే కుర్చీలోనే జనం గురకలు పెట్టేవాళ్ళు మరి. అలాంటి మనిషికి రెండు భుజాలూ చెడ్డాయి. రోజంతా చేతులు గాల్లో పెట్టి చేసే పని కదా, ఎత్తిన ప్రతిసారీ లోపలి కండ పై ఎముక కింద పడి నలుగుతోందట. దువ్వెన అందుకోవాలన్నా ప్రాణం పోయినంత పనయ్యేది. ఆయనకు వేరే పని రాదు, కొత్తగా నేర్చుకునే వయసూ కాదు. సెలూన్ మూతపడితే ఇల్లు గడవదు.

ఫిజియోథెరపీ గది నడిపేది ఒక అక్క, ఆమె తమ్ముడు. ఇద్దరూ చదివింది ఒకే చదువు, నమ్మింది మాత్రం వేరు. నొప్పి మొదలైన చోటే ఆగాలి, అద్దంలో చూసుకుంటూ ముందు భుజం రెక్కను దారిలో పెట్టాలి అంటుంది అక్క. బరువు పట్టుకుని నొప్పిలోంచే సాగిపోవాలి, ఎత్తిన బరువును మెల్లగా దించాలి, అప్పుడే కండ గట్టిపడుతుంది అంటాడు తమ్ముడు. ఏళ్ళ తరబడి ఈ తగువు తెగలేదు. ఏ రోగికి ఆ రోగి వేరు, ఎవరిని ఎవరితో పోలుస్తారు? రెండు భుజాలూ ఒకేలా చెడిన మనిషి తలుపు తోసుకుని వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళ కళ్ళు మెరిశాయి. పాపం, వెన్నపూస దాన్ని ఆదరణ అనుకున్నాడు.

"కుడి భుజం నాది," అంది అక్క.

"అయితే ఎడమ నాది. పోలిక తేలేదాకా ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు," అన్నాడు తమ్ముడు.

ఆయనది ఎడమచేతి వాటం. కత్తి పట్టేది ఆ చేత్తోనే. ఆ సంగతి వాళ్ళు అడగలేదు, ఆయనకూ చెప్పాలని తోచలేదు.

కుడిచేతికి రబ్బరు పట్టీ ఇచ్చి, మొహంలో కాస్త బాధ కనిపించగానే "చాలు, ఆగండి" అనేది అక్క. ఎడమచేతికి ఇనప బరువు ఇచ్చి, "నొప్పిని పట్టించుకోకండి, పైకి, ఇంకా పైకి" అనేవాడు తమ్ముడు. చేతులు బాగుపడుతున్నాయి. వెన్నపూస సంబరపడ్డాడు. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు.

ఒక మధ్యాహ్నం సెలూన్‌లో కత్తెరల సొరుగు మూస్తుంటే కుడిచేతి వేళ్ళు అందులో ఇరుక్కున్నాయి. ఆయన కెవ్వుమన్నాడు. కుడిచెయ్యి వెనక్కి రావాలి కదా, రాలేదు. నొప్పి తగిలిన చోటే బిగుసుకుపోయింది. ఎడమచెయ్యి ఆగాలి కదా, ఆగలేదు. సొరుగును నింపాదిగా నెడుతూనే ఉంది. చివరికి ఆయన నడుంతో అడ్డుపడి బయటపడ్డాడు. మర్నాడు ఒకాయనకు గడ్డం గీస్తుంటే కత్తి గాటు పడింది. కుర్చీలో ఉన్నాయన "అబ్బా!" అన్నా వెన్నపూస ఎడమచెయ్యి ఆ గీత పూర్తిచేసిగాని ఆగలేదు.

వెన్నపూస పరుగున వెళ్ళి అక్కాతమ్ముళ్ళను చేతులు మార్చుకోమని బతిమాలాడు.

"ఇప్పుడు మారిస్తే ఏది నయమో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు తమ్ముడు, ఎడమచెయ్యి ఎంత లేస్తోందో కొలుచుకుంటూ.

"నా చెయ్యి చూడండి, ఎంత చెప్పిన మాట వింటోందో," అంది అక్క మురిపెంగా.

ఆ రోజు నుంచి వెన్నపూస కత్తి ముట్టలేదు, కత్తెర పనితోనే నెట్టుకొచ్చాడు. కానీ తనకు పని నేర్పిన తండ్రి వచ్చి కుర్చీలో కూర్చుంటే ఏం చేస్తాడు?

"ఇవాళ వద్దు నాన్నా."

"ఏరా, అందరికీ గీసేవాడివి, నేను బరువైపోయానా?"

ఆ మాటకు నొచ్చుకుని వెన్నపూస నురగ పూశాడు. ఒక చెంప హాయిగా గీశాడు. రెండో పక్క మెడ దగ్గరికి వచ్చేసరికి కత్తి మొన కాస్త గుచ్చుకుంది.

"ఇస్స్, మెల్లగా రా," అన్నాడు తండ్రి.

చెయ్యి ఆగలేదు. ఆపడానికి కుర్చీ వీపు మీదున్న కుడిచెయ్యి ఎత్తబోయాడు. భుజంలో చిన్న పోటు వచ్చింది. ఆ చెయ్యి అక్కడే, కుర్చీని బిగించి పట్టుకుని, బుద్ధిగా ఆగిపోయింది. వెన్నపూస కాలికి కుర్చీని దించే పెడలు తగిలింది. బలమంతా పెట్టి తొక్కాడు. కుర్చీ తండ్రితో సహా ధబ్బున అడుక్కి దిగిపోయింది. మెడ ఉన్న చోట ఖాళీని కోసుకుంటూ కత్తి పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది. చెయ్యి చెవి పక్కగా నిటారుగా నిలబడింది.

తండ్రి అద్దంలో చూసి మురిసిపోయాడు. "ఒరే! చెయ్యి పూర్తిగా లేచిందిరా! ఎంత దిగులుపడ్డానో నీ కోసం!"

"నాన్నా, లే. లేచి వెళ్ళిపో," అన్నాడు వెన్నపూస ఏడుస్తూ. వెనక్కి జరుగుదామంటే కుడిచెయ్యి కుర్చీని వదలడం లేదు.

అది ఆనందం ఏడుపనుకున్నాడు తండ్రి. "ఇంకా సగం ఉందిగా, కానివ్వు," అని నవ్వి, కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి మెడ చాపాడు.

ఎడమచెయ్యి మెల్లగా, బరువు దించుతున్నట్టు, కిందికి రావడం మొదలుపెట్టింది. వెన్నపూస పెడలు మళ్ళీ తొక్కాడు. కుర్చీ ఇక దిగడానికి లేదు.