మిల్‌స్టాట్‌లో తీసిన ఫొటో

నెవెనా ఇంట్లో చెప్పిన మాట ఒకటి, వెళ్ళిన చోటు ఒకటి. జర్మన్ నేర్పే వేసవి బడికి వెళ్తున్నానని తండ్రికి చెప్పి సొంత ఊరు మిత్రోవిత్సాలో బస్సెక్కింది. దిగింది మాత్రం ఆస్ట్రియాలో, మిల్‌స్టాట్ సరస్సు ఒడ్డున. ఐరోపాలో శాంతి, భద్రత అనే విషయం మీద కుర్రకారు కోసం అక్కడొక సదస్సు జరుగుతోంది.

తండ్రి మొమీర్ చెడ్డవాడేం కాదు. వాళ్ళ ఊరిని ఇబార్ నది రెండు చేసింది. ఉత్తరాన సెర్బులు, దక్షిణాన అల్బేనియన్లు. ఇద్దరి మధ్యా యుద్ధం అయ్యాక, దక్షిణపు ఒడ్డున తాను కట్టుకున్న ఇల్లు వదిలేసి ఇవతల సెర్బుల ఒడ్డుకి వచ్చినవాడతను. ఇలాంటి సదస్సుల మాటెత్తితే చాలు, అతని మొహం మాడిపోయేది.

"పిలుస్తారు, కడుపునిండా పెడతారు, చెయ్యీ చెయ్యీ కలిపించి ఫొటో తీసుకుంటారు. అంతటితో వాళ్ళ పని అయిపోతుంది. మన గొడవ మనకే ఉంటుంది" అనేవాడు.

అందుకే నెవెనా అబద్ధం ఆడింది.

సరిగ్గా అలాంటి ఫొటోయే ఆమె కొంప ముంచింది. ముందురోజు సాయంత్రం అందరూ పడవలెక్కారు. ఆమె పడవలో లాబినోట్ అనే కుర్రాడు కూర్చున్నాడు. వాడిదీ మిత్రోవిత్సాయే, కాకపోతే అవతలి ఒడ్డు. పుట్టి బుద్ధెరిగాక ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు, ఒకరినొకరు చూసుకోవడానికి ఇంత దూరం రావలసి వచ్చింది. ఇద్దరికీ తెడ్డు వెయ్యడం రాక పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటే, పడీ పడీ నవ్వుతున్నారు. ఎవరో ఫొటో తీశారు. తెల్లారేసరికి కింద వాళ్ళ పేర్లూ, మిల్‌స్టాట్ పేరూ రాసి సదస్సు పేజీలో పెట్టేశారు.

టిఫిన్ దగ్గర అది చూసి నెవెనా కాఫీ ఒలకబోసుకుంది. సదస్సు నడిపే రోస్‌విథా పాపం ఎన్నోసార్లు క్షమాపణ చెప్పి, అప్పటికప్పుడు దాన్ని తీయించింది. కానీ బెల్‌గ్రేడ్‌లో ఉన్న రద్మీలా అత్త అంతకంటే చురుకైన మనిషి.

"ఇదేనా నీ జర్మన్ క్లాసు? మీ నాన్నకి పంపించేశాన్లే" అని ఫోన్‌లో సందేశం వచ్చింది.

ఆ వెంటనే ఫోన్ మోగింది. తెర మీద 'నాన్న' అని. నెవెనా ఎత్తలేదు. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆమె ఫోన్ ఆపేసి సంచి అడుగున కుక్కేసింది.

ఆ రోజు ఉత్తుత్తి చర్చలు. ఎవరి పక్షాన వాళ్ళు కాకుండా ఎదుటివాళ్ళ పక్షాన కూర్చుని వాదించాలి. అల్బేనియన్ల ప్రిష్టినా ప్రభుత్వం తరఫున నెవెనా, సెర్బుల బెల్‌గ్రేడ్ ప్రభుత్వం తరఫున లాబినోట్. వాడు బల్ల గుద్ది మరీ వాదిస్తున్నాడు. ఆమె మాత్రం ముందున్న నీళ్ళగ్లాసు వైపే చూస్తూ కూర్చుంది.

విరామంలో వాడు దగ్గరికొచ్చాడు. "ఏంటమ్మా, మా తరఫున మాట్లాడమంటే నోరు పడిపోయిందా?"

"నీ మొహం. మా నాన్న ఫొటో చూశాడు."

వాడి నవ్వు ఆగిపోయింది. "ఏమన్నాడు?"

"ఏమో. ఫోన్ ఎత్తలేదు."

"ఎత్తకపోతే ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతేనే నయం. నీకు ఆయన గొంతు తెలీదు."

"తిడితే తిట్టనీ. ఇప్పుడు ఒక తిట్టు, సాయంత్రానికి పది తిట్లు. వడ్డీ ఎందుకు పెంచుకుంటావ్?"

ఆమె వినలేదు. మధ్యాహ్నం భోజనం కూడా ముట్టలేదు.

భోజనాలయ్యాక ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. కొండల మీదనుంచి గాలి విరుచుకుపడింది. రోస్‌విథా అందర్నీ నేలమాళిగలోకి తోలింది. పైన పెంకులు పగులుతున్న చప్పుడు, ఆ తర్వాత భూమి అదిరినట్టు ఏదో కూలిన చప్పుడు. కరెంటు పోయింది. వాన వెలిశాక పైకి వచ్చి చూస్తే, పెద్ద చెట్టొకటి పడవల షెడ్డు మీద పడి దాన్ని అప్పడంలా చేసేసింది. లోపల ఎవరూ లేరు. రోస్‌విథా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, అందరూ పలికాక, తడిసిన మెట్ల మీదే కూలబడి ఏడ్చేసింది.

ఆమె ఏడుపు చూశాక నెవెనాకి తన భయం చిన్నదనిపించింది. సాయంత్రం గదికి వెళ్ళి ఫోన్ ఆన్ చేసింది. తండ్రి ఫోన్ చేశాడన్న సందేశాలు వరసగా వచ్చి పడుతూనే ఉన్నాయి. గుమ్మంలో లాబినోట్ నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని నంబరు నొక్కింది. ఒక్క రింగు కూడా పూర్తి కాలేదు.

"నెనా! నెనా, నువ్వేనా?"

"నేనే నాన్నా. నాన్నా, ఆ ఫొటో..."

"దెబ్బలేమైనా తగిలాయా? నిజం చెప్పు."

"దెబ్బలా? లేదు నాన్నా. ఎందుకు?"

 అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

"టీవీలో చూపించార్రా తల్లీ. మిల్‌స్టాట్‌లో గాలివాన, పిల్లలున్న విడిది మీద చెట్టు పడిందని. ఆ ఫొటో కింద ఊరి పేరు ఉంది కదా. నీ ఫోన్ పలకదు. నేనూ మీ అమ్మా ఎలా ఉన్నామో నీకేం తెలుసు?"

"నువ్వు తిడతావని ఆపేశాను నాన్నా."

"పొద్దున తిడదామనే చేశా, అబద్ధమెందుకు? మధ్యాహ్నం నుంచి మాత్రం నువ్వు పలికితే చాలు దేవుడా అనుకున్నా."

నెవెనా గోడకి ఆనుకుని జారి కింద కూర్చుండిపోయింది. పొద్దుటినుంచీ గుండెల మీద ఉన్న బండరాయిని ఎవరో దించేసినట్టయింది. ప్రాణం లేచొచ్చి, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నాన్నా, తప్పయిపోయింది."

"అబద్ధం సంగతి ఇంటికొచ్చాక చూద్దాం. అది మర్చిపోయాననుకోకు. నన్ను అడిగుంటే వద్దనేవాణ్ణి, నువ్వు పోట్లాడేదానివి, అదో పద్ధతి. దొంగచాటుగా ఏంటి? ఇంకోటి, ఆ ఫొటో మళ్ళీ పెట్టనివ్వకు. నాకోసం కాదు. నీ తమ్ముడు ఈ వీధుల్లోనే బడికి వెళ్ళాలి."

"తీసేశారు నాన్నా."

"మంచిది."  తర్వాత అడిగాడు. "ఆ పడవలో కుర్రాడు... వాడు బాగానే ఉన్నాడా?"

"ఇక్కడే ఉన్నాడు."

"ఇంటికి ఫోన్ చేశాడేమో కనుక్కో. వాళ్ళకీ టీవీలు ఉంటాయి కదా."

నెవెనా ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. లాబినోట్ తల పట్టుకున్నాడు. పొద్దుటినుంచీ ఆమెకి ధైర్యం చెప్పడంలో పడి వాడు తన ఇంటి సంగతే మర్చిపోయాడు. ఒక్క పరుగున వసారాలోకి వెళ్ళాడు. క్షణంలో వాడి ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు అల్బేనియన్ భాషలో గదిదాకా వినబడింది. నెవెనాకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ ఆ తిట్లు ఎంత ప్రేమగా పడుతున్నాయో తెలిసింది.

"ఏంటా గోల?" అన్నాడు తండ్రి.

"వాళ్ళమ్మ, నాన్నా. వాయించేస్తోంది."

"వాయించనీ" అన్నాడు మొమీర్. ఫోన్ ఎత్తాక మొదటిసారి అతని గొంతులో నవ్వు తొంగిచూసింది. "పో, వెళ్ళి ఏమైనా తిను. తినలేదని నీ గొంతే చెప్తోంది."

కరెంటు లేక ఆ పూట వంట కాలేదు. రొట్టే, చీజూ, మధ్యాహ్నం మిగిలిన సూపూ చల్లగానే పెట్టారు. నెవెనా మూడుసార్లు వడ్డించుకుంది.