పదకొండో మేకు

మధ్యాహ్నం అల్లుడు ఎక్కబోయే యంత్రం నలభై టన్నులుంటుందని విన్న దగ్గర్నుంచి ఆవిడకి ముద్ద దిగడం లేదు. కొత్త ఆసుపత్రి పునాదికి అది లోతుగా గుంతలు తవ్వాలి. అంత బరువుకి నేల ఆగుతుందో లేదో చూసి చెప్పే పని సొంత కూతురిది. ఇద్దరికీ అన్నం తెచ్చే వంకతో ఆవిడ పొద్దున్నే పనిచోటికి వచ్చి కూర్చుంది. కూర్చుంది అనడమే గానీ, కాలు ఒక్కచోట నిలిస్తేగా.

కూతురు నేల మీద వరసగా ఇరవై నాలుగు మేకుల్లాంటి పరికరాలు గుచ్చింది. ఒక చివర ఇనప పలక పెట్టి సుత్తితో కొడితే, ఆ అదురు నేలలోంచి వెళ్లి ఏ మేకుకి ఎప్పుడు చేరిందో కంప్యూటర్లో గీత పడుతుంది. గట్టి నేలయితే త్వరగా చేరుతుంది, కింద డొల్ల ఉంటే ఆలస్యమవుతుంది. పదకొండో మేకు గీత వెనకబడి వణికింది. యంత్రం నిలబెట్టబోయేది సరిగ్గా అక్కడే.

ఇంజనీరు చూసి తేలిగ్గా నవ్వేశాడు. "డొల్లా లేదు, పాడూ లేదు. మీ అమ్మగారు పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఆ అడుగులే ఇవి." మధ్యాహ్నం పని ఆపేది లేదన్నాడు.

తప్పు తనదే అయితే ఎంత బాగుండు అనుకుంది ఆవిడ.

కూతురు వాదన పెట్టుకోలేదు. మళ్లీ కొడతానంది. అడుగులైతే ప్రతిసారీ ఒకేచోట కనిపించవు, డొల్లయితే ఉన్నచోటు వదిలి పోదు అంది. తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఐదు నిమిషాలు కదలకు."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"మెల్లిగా."

ఆవిడ చెప్పులు విప్పి, ఇసక కుప్ప పక్కన పాతేసినట్టు నిలబడింది. పిక్క పట్టేసింది. మడమ మీద చీమ కుట్టింది. అవతల ఆపి ఉన్న యంత్రం మెట్టు మీద అల్లుడు టోపీతో విసురుకుంటున్నాడు. దేవుడా, అవి నా అడుగులే అనిపించు, జన్మలో ఇంకేమీ అడగను అనుకుంది. సుత్తి దెబ్బ పడింది. ఇంకోటి. మూడోది.

కూతురు కంప్యూటర్ని ఇంజనీరు వైపు తిప్పింది. మూడుసార్లూ గీత పదకొండో మేకు దగ్గరే వెనకబడింది.

ఇంజనీరు నవ్వు మాయమైంది. అక్కడ సన్నటి బోరు వేయించాడు. నాలుగు మీటర్ల దాకా మొరాయించిన కడ్డీ, ఆ తర్వాత ఎవరూ నొక్కకుండానే సర్రున జారిపోయింది. అల్లుడు యంత్రం తాళంచెవి తెచ్చి ఇంజనీరు చేతిలో పెట్టి, వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

ఆవిడ క్యారియర్ విప్పి వడ్డించడం మొదలుపెట్టింది. గండం గడిచింది కదత్తయ్యా, మీరూ తినండి అన్నాడు అల్లుడు. అవును, గడిచింది అనుకుంది. ఇంతలో కూతురు వచ్చి పక్కన కూర్చోబోయింది. గరిటె గాల్లో ఆగిపోయింది.

"ఆగవే. నువ్వు కూర్చునే ఈ చోట కొట్టి చూశావా?"