స్టవ్ వెనకాల జాయింటు

రాజమండ్రిలో ముప్పై ఎనిమిదేళ్లు గ్యాస్ బండతో కాపురం చేసినదాన్ని నేను. బండ మార్చిన ప్రతిసారీ రెగ్యులేటర్‌కి సబ్బునురగ రాసి, బుడగ రాకపోతేనే పొయ్యి వెలిగించేదాన్ని. అలాంటిది, మా అల్లుడు జితేందర్ లోపలే వంటిల్లూ పడకలూ ఉండే పాత ఆర్వీ బండి ఒకటి కొని అమెరికాలో, అరోరాలోని ఇంటి ముందు నిలబెట్టి, దాని గ్యాస్ చూడ్డానికి టెక్నీషియన్‌ని పిలిచానంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ మాత్రం దానికి ఇంకో మనిషా? ఈ విజయశ్రీ ఏమైనా చచ్చిందా?" అన్నాను.

గిన్నెలో సబ్బునీళ్లు కలిపి, బండి ముందున్న రెండు బండలకీ, వాటి గొట్టాలకీ నురగ పట్టించాను. ఒక్క బుడగ లేదు. "బంగారంలా ఉంది. అతన్ని రావద్దని చెప్పెయ్యండి బాబూ," అన్నాను. పాపం, అత్తగారి మాట కాదనలేక అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాడు.

మర్నాడు విస్కాన్సిన్ బయల్దేరాం. క్యాంప్‌గ్రౌండ్ లోపలి కంకర రోడ్డు మీద ఆ బండి ఊగిన ఊపుకి నా నడుం విరిగినంత పనైంది. అయినా దిగగానే ఆ బుల్లి స్టవ్ మీద పోపు పెట్టి పులిహోర కలిపాను. ఆరేళ్ల మనవరాలు నిధి నాలుగు ముద్దలు తిని, లోపల కింది పడక మీద నిద్రపోయింది. పెద్దవాళ్లం ముగ్గురం బయట చెట్టు కింద తినడానికి కూర్చున్నాం.

అల్లుడు పెరుగు కోసం లోపలికెళ్లి వచ్చాడు. "అత్తమ్మా, మీ ఇంగువ మస్తుంది! బండి అంతా అదే వాసన."

నేను ముసిముసిగా నవ్వి ఊరుకున్నాను. ఇంగువ డబ్బా అరోరాలో మర్చిపోయాను. పులిహోరలో చిటికెడు కూడా లేదు. మెచ్చుకుంటుంటే ఎవరు కాదంటారు?

ఇంతలో లోపల అలారం కుయ్యోమంది.

"అదిగో, పోపు అలారం!" అని మా అమ్మాయి నమ్రత నవ్వింది. వాళ్లింట్లో నేను ఆవాలు వేసినప్పుడల్లా ఇదే గోల. అల్లుడు టవల్ విసురుతూ దాని నోరు మూయిస్తుంటాడు. ఇప్పుడూ టవల్ భుజాన వేసుకుని లేచాడు. గిన్నెలు పట్టుకుని నేనూ వెనకాలే వెళ్లాను.

గుమ్మంలోనే ఆగిపోయాను. మోగుతున్నది పైకప్పులోని పొగ అలారం కాదు, నేలకి జానెడెత్తులో ఉన్న రెండోది. వాసన గుప్పుమని ముక్కుకి తగిలింది. లేని ఇంగువ ఎక్కణ్నుంచి వస్తుంది?

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒక్క క్షణం నాకు నోరు రాలేదు. చెబితే పులిహోర పరువూ పోతుంది, నా సబ్బునురగ పరువూ పోతుంది. అల్లుడు ఫ్యాన్ స్విచ్ మీదికి చెయ్యి చాచాడు. పక్కనే నిధి నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"ఆ స్విచ్ ముట్టుకోకు! ఇంగువా లేదు, పాడూ లేదు, అది గ్యాసు! పిల్లని తియ్యి!"

తొమ్మిదేళ్లలో అల్లుణ్ని ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. పిల్లని భుజాన వేసుకుని ఒక్క గెంతులో బయటపడ్డాడు. నేను గిన్నెలు అక్కడే పడేసి బండి ముందుకి పరిగెత్తి రెండు బండల గ్యాసూ కట్టేశాను. తలుపు బార్లా వదిలేసి అందరం దూరంగా పోయాక నమ్రత ఫైర్ వాళ్లకి ఫోన్ చేసింది.

వాళ్లొచ్చి, లోపలి గ్యాస్ అంతా పోయిందని తేల్చాక ఒక టెక్నీషియన్ వచ్చాడు. మన ఇళ్లలోలా బండ, గొట్టం, పొయ్యితో అయిపోదట. నేల కింద నుంచి పైపు ఫ్రిజ్‌కీ, వేణ్నీళ్ల హీటర్‌కీ, స్టవ్‌కీ వెళ్తుందట. స్టవ్ వెనకాల జాయింటు కుదుపులకి వదులైంది. అక్కడ సబ్బునీళ్లు చల్లితే బుసబుసా పొంగాయి. నేను నురగ రాసింది రెండు బండలకి. భరోసా ఇచ్చింది మాత్రం బండి మొత్తానికి.

"నాదే తప్పు బాబూ," అన్నాను.

టెక్నీషియన్ జాయింటు బిగించి, ప్రెషర్ పరీక్ష చేసి, మీటరు ముల్లు కదలడం లేదని మాకు చూపించాడు. ఇక స్టవ్ వెలిగించుకోవచ్చన్నాడు.

"టీ పెడ్తరా అత్తమ్మా?" అన్నాడు అల్లుడు, నన్ను నవ్వించాలని.

నిధి నా ఒళ్లోనే ఉంది, ఇంకా నిద్రమత్తులో. దాని ఊపిరి నా మెడకి వెచ్చగా తగులుతోంది.

"పెడతాను," అన్నాను. "ముందు ఆయన్ని ఇంకొక్కసారి చూడమనండి బాబూ."