సర్దారు వెదురు

దొర చెరకుతోటలో ఒప్పందం కూలీలు మనిషికి రోజుకో చాలు కలుపు తీయాలి. మిగిల్చితే కోర్టు, ఆపైన జైలు. తను జైలుకెళ్తే చంటిదానికి పాలెవరిస్తారని నూకాలు దిగులు.

ఇనపగొలుసుతో కొలిచినన్నాళ్లూ చాలు ఆమె అడుగుల్లో వంద ఉండేది. గొలుసు తెగాక, కూలీలకి పని కొలిచిచ్చే సర్దారు కన్నయ్య వెదురుకర్రతో కొలుస్తున్నాడు. ఒకనాడు నూట నాలుగు, ఒకనాడు నూట పన్నెండు.

"సెయ్యి తడబడతాదే," అన్నాడు మొగుడు సింహాద్రి. "ఓనాడెక్కువ, ఓనాడు తక్కువ. రోజులు గడిత్తే వందకే వత్తాది."

నూకాలు వంద దాటిన అడుగుకో చింతగింజ డబ్బాలో వేసింది. మొదటివారం సరిపంచితే రోజుకి ఐదొచ్చాయి, మరువారం పదకొండు. నెల దాటాక అన్నిరోజులవీ కలిపి పంచితే ఎనిమిది దగ్గర ఆగి మరి కదల్లేదు. చేతి తప్పులు ఒకదాన్నొకటి తినేశాయి. మిగిలింది పొడుగు కర్ర తప్పే. ఏడాది కొలిచినా అది పోదు.

సర్దారుకి ఆ మాటే చెప్పింది.

"నమ్మకం లేదేటే? నువ్వే కొలుసుకో!" నవ్వుతూ ఆ వెదురునే ఆమె చేతికిచ్చాడు.

పొద్దు వాలుతోంది, చాలు ఇంకా మిగిలే ఉంది. నూకాలు కర్ర పక్కన పెట్టి పార అందుకుంది.