రెబెక్కా చెప్పిన ప్రార్థనాంశం

నరసాపురంలో సంపూర్ణమ్మ ఇంట్లో ఆ ఏడాది ఇద్దరు కడుపుతో ఉన్నారు. ఒకరు కోడలు రెబెక్కా, ఇంకొకరు పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు ఆశాజ్యోతి. ఇద్దరికీ ఏడో నెలే. మధ్యలో పది రోజులు తేడా అని డాక్టరమ్మ చెప్పింది గానీ, రెబెక్కా దృష్టిలో తేడా అంతకంటే చాలా పెద్దది. ఆశకి తల్లి ఉంది. తనకి లేదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. రెబెక్కా పుట్టింట్లో మిగిలింది తండ్రి ఒక్కడే. ఆయనకి కాఫీ పెట్టుకోవడమే సరిగ్గా రాదు, ఇంక పురుడేం పోస్తాడు. "నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు, నీ పురుడు నేను పోస్తాను" అని ఐదో నెలలో అత్తగారు అన్నప్పుడు రెబెక్కా పెరట్లోకి వెళ్లి కరువుతీరా ఏడ్చింది. మళ్లీ అమ్మ దొరికిందనుకుంది. రెండు నెలలపాటు ఆ అమ్మ అచ్చంగా తనదే. ఆ తర్వాత ఆశాజ్యోతి రెండు సూట్‌కేసులతో ఆటో దిగింది.

పుట్టిన ఇంటికి ఆడపిల్ల రావడం తప్పా? తప్పు కాదని రెబెక్కాకీ తెలుసు. తెలిసినంత మాత్రాన అసూయ మాట వింటుందా.

ఇంతకీ రెబెక్కాకి ఐదో నెల నుంచీ ఒకటే మంట. ఏది తిన్నా ఛాతీ మధ్య నిప్పు రాజుకుని గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నేవి. కడుపులో బిడ్డకి జుట్టు ఎక్కువుంటే అలాగే ఉంటుందని వీధిలో వాళ్లు తేల్చేశారు. వంటసోడా కలుపుకుని తాగమని పక్కింటి సువార్తమ్మ సలహా ఇచ్చింది. సంపూర్ణమ్మ ఎవరి మాటా వినకుండా కోడల్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట పైకి తోసుకొస్తుందనీ, చాలామందికి ఇది మామూలేననీ డాక్టరమ్మ చెప్పింది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. పులుపు, కారం, వేపుళ్లు తగ్గించాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. పడుకున్నప్పుడు తల ఎత్తులో ఉండాలి, ఎడమ పక్కకి తిరిగితే ఇంకా మంచిది. రాసిచ్చిన మందు తప్ప సోడాలూ గీడాలూ అడక్కుండా తాగకూడదు.

డాక్టరమ్మ చెప్పింది సలహా. సంపూర్ణమ్మ దాన్ని చట్టం చేసింది. అరుగు మీద లేసు అల్లుకుంటూనే గడియారం చూసి, సూది దారపుండలో గుచ్చి పక్కన పెట్టి లేచేది. చిన్న గిన్నెలో మజ్జిగన్నం, దాంట్లోకి ఉప్పు తప్ప ఇంకేమీ లేని సొరకాయ కూర. రెండు గంటలు పోయాక అరటిపండు. మళ్లీ రెండు గంటలకి ఇడ్లీ, చట్నీ లేకుండా. ఇంట్లో ఉన్న దళసరి తలగడలు రెండూ రెబెక్కా తల కిందికే వచ్చాయి.

మొదట్లో అది ముద్దుగానే ఉండేది. ఆశ వచ్చాక సంగతి వేరైంది.

ఆశాజ్యోతికి మంటా గింటా లేదు. వచ్చిన రెండో రోజే "అమ్మా, బొమ్మిడాయిల పులుసు తినాలనుందే" అంది. సంపూర్ణమ్మ పొద్దున్నే రేవుకి వెళ్లి చేపలు తెచ్చి, చింతపండు పిసికి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి కుండ నిండా వండింది. ఆ వాసన వీధి చివరిదాకా వెళ్లింది. "గిన్నె అక్కడుంది, పెట్టుకు తిను" అని కూతురికి చెప్పి, కోడలికి మజ్జిగన్నం తెచ్చింది.

కన్నకూతురికి పులుసు, కోడలికి మజ్జిగన్నం. రెబెక్కాకి మనసు చివుక్కుమంది. డాక్టరమ్మ మాటా, మంటా అన్నీ మరిచిపోయింది. మర్నాడు రొయ్యల వేపుడు, ఆ మర్నాడు గోంగూర. ఆశ వేళ్లు నాకుతుంటే రెబెక్కా సొరకాయ ముక్కలు లెక్కపెట్టుకుంది. కడుపులోని మంట ఒకటి, కళ్లలోని మంట ఒకటి. ఏది ఎక్కడ మొదలవుతోందో ఆమెకే తెలియడం మానేసింది.

మూడు వారాలు తిరిగేసరికి ఒక గురువారం మళ్లీ బొమ్మిడాయిలే. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక రెబెక్కా వంటింట్లోకి వెళ్లింది. రెండు ముక్కలు, నాలుగు గరిటెల పులుసు, పళ్లెం నిండా అన్నం. గబగబా తిని, గరిటె కడిగి బోర్లించి, తలగడలు రెండూ కోపంగా కిందికి తోసి చదునుగా పడుకుంది. చెయ్యకూడదన్నవన్నీ ఒక్క గంటలో చేసేసింది.

నాలుగింటికి చర్చిలో స్త్రీల సమాజం కూడిక. ముగ్గురూ వెళ్లారు. పాట అయ్యేసరికే రెబెక్కా గొంతు భగ్గుమంటోంది. కూర్చోలేక నిలబడలేక ఒళ్లంతా చెమట. సరిగ్గా అప్పుడే పాస్టరమ్మగారు "ప్రార్థనాంశాలు ఉన్నవాళ్లు చెప్పండమ్మా" అన్నారు. సువార్తమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. తర్వాత పాస్టరమ్మగారు తనవైపే చూసేసరికి రెబెక్కా లేచింది.

"కడుపుమంట అండి," అంది ఛాతీ పట్టుకుని. "భరించలేకపోతున్నానండి. ఆశ వచ్చిన దగ్గర్నించీ మరీ ఎక్కువైపోయింది. దానికి వండే వంటలు చూస్తుంటేనే మండిపోతోందండి."

సువార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తను ఏమందో రెబెక్కాకి అప్పుడు వినిపించింది.

"ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్లని నేను చూళ్లేదమ్మా," అన్నారు పాస్టరమ్మగారు, కళ్లు తుడుచుకుని. "మన సహోదరి హృదయంలోంచి అసూయ తొలగిపోవాలని ప్రార్థన చేద్దాం."

ఆ మంట కాదండి, ఈ మంట అని చెబుదామనుకుంది రెబెక్కా. చెబితే, మంట ఎందుకొచ్చిందని అడుగుతారు. దొంగతనంగా తిన్న పులుసు బయటికొస్తుంది. పైగా పాస్టరమ్మగారు చెప్పిందాంట్లో అబద్ధం ఎక్కడుంది? తల వంచుకుని నిలబడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పక్కన కుర్చీ కిర్రుమంది. ఆశాజ్యోతి పొట్ట పట్టుకుని లేచింది.

"నాదీ అదే అండి. నాక్కూడా చెయ్యండి," అంది. "మా అమ్మ వదినకి గంట గంటకీ చేతికందిస్తుందండి. నాకేమో గిన్నె అక్కడుంది, పెట్టుకు తిను అంటుంది. తలగడలు కూడా వదినకే. వచ్చి మూడు వారాలైంది, ఒక్క ముద్ద కలిపి పెట్టలేదు."

రెబెక్కా నోరు తెరుచుకుని ఆడపడుచు వంక చూసింది. ఇన్నాళ్లూ వేళ్లు నాకుతున్న మనిషికి ఇంత ఉక్రోషం ఉందని ఆమె కలలో కూడా అనుకోలేదు. పాస్టరమ్మగారు ఇద్దరికీ కలిపి ప్రార్థన చేశారు. అది పొడుగ్గానే సాగింది. సంపూర్ణమ్మ మాత్రం ఆమేన్ అనేదాకా కళ్లు విప్పలేదు.

ఇంటికి నడిచేటప్పుడు ఆశ ముందు వెళ్లిపోయింది. సంపూర్ణమ్మ కోడలి పక్కన నెమ్మదిగా నడిచింది.

"కుండలో రెండు ముక్కలు తగ్గేయి," అంది. "పిల్లి తినేసిందనుకుందామంటే, పిల్లి గరిటె కడిగి బోర్లించదు కదా."

"తప్పయిపోయిందండి అత్తయ్యా. నేను చెప్పింది నిజంగా ఛాతీలో మంట గురించేనండి."

"ఏ మంటైతే ఏంటి? రెండూ ఆ పులుసు వల్ల వచ్చినవే. తిన్నాక పడుకున్నావా?"

"పడుకున్నానండి."

"తెలివైనదానివే," అంది సంపూర్ణమ్మ. ఇంకేం తిట్టలేదు. ఇంటికెళ్లగానే డాక్టరమ్మ రాసిచ్చిన మందు పోసిచ్చి, గోడకి ఆనించి కూర్చోబెట్టింది.

దీపాలు పెట్టే వేళకి సంపూర్ణమ్మ పెద్ద గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. గిన్నెలో మెత్తటి అన్నం, మజ్జిగ. చేత్తో పిసికి కలుపుతూ, "ఇవాళ్టి నుంచి ఇద్దరికీ ఇదే. ఒకేలా కలిపి పెడతాను," అంది. ఆశాజ్యోతి చిన్నపిల్లలా బాసింపట్టు వేసుకుని చెయ్యి చాపింది.

రెబెక్కా ఆ గిన్నె వంక చూసింది. ఇన్నాళ్లూ ఛీకొట్టిన మజ్జిగన్నం అది. గడియారం చూసుకుని, అల్లిక పక్కన పెట్టి, తన ఒక్కదాని కోసం ఆవిడ కలిపిన అన్నం. దాంట్లోకి ఇంకో చెయ్యి వచ్చేసరికి రెబెక్కా గుండెల్లో మధ్యాహ్నం కంటే గట్టిగా మండింది. ఈసారి మందుకి లొంగే మంట కాదు.

"అత్తయ్యా," అంది. "ఆశకి పులుసుంది కదండి."

సంపూర్ణమ్మ చెయ్యి ఆగింది.

"నీకింకా తగ్గినట్టు లేదమ్మాయ్," అని, మొదటి ముద్ద తీసి రెబెక్కా చేతిలో పెట్టింది. రెండో ముద్ద ఆశ చేతిలో పెట్టింది.

రెబెక్కా ఆ ముద్ద చూసింది, ఈ ముద్ద చూసుకుంది. తనదే కొంచెం పెద్దది. అప్పుడు నోట్లో పెట్టుకుంది.