అర స్వరం పైన

తోర్‌స్తెన్ ఎల్వింగ్ గారు పియానో ముట్టకుండా సంగీతం రాసేవారు. అది ఆయన నియమం. కొంత గర్వం కూడా. యౌవనంలో వాద్యబృందాలను గర్జింపజేసి స్టాక్‌హోమ్ పెద్దలను హడలగొట్టిన ఆ మనిషి, అరవై దాటాక మనిషి గొంతు కోసం తప్ప మరి దేనికోసమూ రాయలేదు. ఆ రచనల్లో సగం నా గొంతు కోసం రాసినవే. ఎనభయ్యో ఏట పూర్తిచేసిన ఆఖరి ఒపెరా కూడా.

అందులో చివరి రంగం ఇది: సీల్ జంతువుల వేటకు వెళ్లిన భర్త కోసం ఒక స్త్రీ గడ్డకట్టిన సముద్రం మీద నిలబడి పాడుతుంది. వెనుక ఏ వాద్యమూ ఉండదు. పట్టుకోవడానికి ఆధారశ్రుతి ఉండదు. చాలాసేపటికి, ఆమె నిలిపి ఉంచిన ఆఖరి స్వరం మీదికే వయొలిన్లు వచ్చి చేరతాయి. ఈలోగా ఆమె శ్రుతి జారి ఉంటే ఆ క్షణంలో అందరికీ తెలిసిపోతుంది.

నవంబరు నెల. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడి కిటికీ బయట సముద్రపు నీళ్లు నల్లబడ్డాయి. రిహార్సల్ గదిలో ముగ్గురమే ఉన్నాం: ఎల్వింగ్ గారు, నేను, పియానో వాయించే స్తూరె. నేను ఆ రంగం పాడి ముగించగానే ఆయన కళ్లజోడు తీశారు.

"పైకి పోతున్నావు గున్వోర్. అర స్వరం."

స్తూరె నా ఆఖరి స్వరాన్ని పియానో మీద నొక్కి చూశాడు. సరిగ్గా కలిసింది.

"అదీ పైకే పోయింది," అన్నారాయన.

"నిన్ననే శ్రుతి చేయించాం ప్రొఫెసర్ గారూ."

"చేసినవాడు తాగొచ్చుంటాడు."

మేము నవ్వాం. వీధిలో నడుస్తూ నడుస్తూ, ట్రాము బ్రేకు ఏ స్వరంలో కీచుమన్నదో చెప్పగల చెవి అది. అది తప్పు చెప్పగలదన్న ఊహే మాకు రాలేదు. నా జలుబును అనుమానించాం. గది వేడిని అనుమానించాం. పియానో మార్పించాం. కొత్త పియానో కూడా ఆయనకు అర స్వరం పైనే వినిపించింది.

ఆ సాయంత్రం క్యాంటీన్‌లో స్తూరె కాఫీలో బన్ను ముంచుతూ, తల ఎత్తకుండా అన్నాడు:

"మా మేష్టారికీ ఇలాగే అయింది. ముసలితనంలో ఒక్కోరి చెవి అలా జారిపోతుందట. లోకమంతా పైన వినపడుద్ది. మందు లేదు."

"ఆయనకి చెప్పాలి కదా."

"చెప్పు మరి. నువ్వంటే ఆయనకి కాస్త మెత్తన."

"నువ్వే చెప్పు. పక్కన కూర్చునేది నువ్వు."

"పక్కన కూర్చుంటాను కాబట్టే చెప్పను తల్లీ. ఆయన చేతికర్ర నీకు తగలదు, నాకు తగులుద్ది."

ఇద్దరమూ చెప్పలేదు. మర్నాడు స్తూరె, నాకు కూడా తెలియకుండా, ఒక పిచ్చి దయకు పూనుకున్నాడు. చివరి రంగానికి ముందు వచ్చే వాద్యభాగాన్ని మొత్తంగా అర స్వరం దించి వాయించసాగాడు.

ఎల్వింగ్ గారి ముఖం విప్పారింది. "ఆఁ! ఇదీ. ఇదయ్యా నేను రాసింది!" అంటూ లేచి వచ్చి స్తూరె భుజం తట్టారు. తట్టిన చేయి అక్కడే ఉండిపోయింది. ఆయన చూపు పియానో మెట్ల మీద, వాటిపై కదులుతున్న వేళ్ల మీద పడింది.

"ఎక్కడ వాయిస్తున్నావు?"

వేళ్లు ఆగిపోయాయి.

"నిన్నే అడిగేది. నా కళ్లింకా శ్రుతి తప్పలేదు నాయనా."

స్తూరె పియానో మీదినుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయనకు అర్థమైపోయింది. ఆయన మెల్లగా కుర్చీ దాకా వెళ్లి కూర్చున్నారు.

"ఎన్నాళ్ల నించో!" అన్నారు. "ఇదంతా తలలో విని రాశాను. లోపలి చెవి కూడా జారిందా, అది నిలబడి బయటిదే జారిందా? కాగితం మీద ఉన్నది నేను విన్నదేనా?"

చూసినవాడు ఒక్కడే అయిన సంఘటనకు, ఆ ఒక్కడూ తన కళ్లను నమ్మలేని స్థితి వస్తే, జరిగినదేమిటో తేల్చేదెవరు? పియానో ఒక మాట చెబుతుంది. అది నిజమే. కానీ ఆ నిజానికి ఆయన తలలో ప్రవేశం లేదు.

చేయగలిగిందల్లా ఒకటే తోచింది. "నేను దించి పాడతాను. మీ ఒక్కరి కోసం. ఒక్కసారి విందురుగాని," అన్నాను.

పాడాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. సగం దాకా ఆ ముఖంలో ఎంతో శాంతి. తరువాత చేయి ఎత్తి ఆపారు.

"స్వరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. గొంతే నీది కాదు."

ఆయన ఏ చోటు గురించి అంటున్నారో నాకు తెలుసు. నా గొంతు చీలడానికి వెంట్రుకవాసి దూరంలో నిలిచే చోటు ఒకటుంది. ఆ చోటు తెలిసే, ఆ స్త్రీ భయాన్నంతా అక్కడ పెట్టారాయన. అర స్వరం దించితే అక్కడ నా గొంతు హాయిగా సాగిపోతుంది.

"ఈ స్త్రీ కాళ్ల కింద గట్టి నేల ఉంది," అన్నారు. "మంచు లేదు."

"మరి ఏం చేయమంటారు?"

"రాసింది రాసినట్టు పాడు. రాసిందెవరో నాకు తెలీదు."

ప్రదర్శనకు ముందు పూర్తి రిహార్సల్ ఉదయం పెట్టారు. ఖాళీ కుర్చీల నడుమ చిన్న దీపం వెలిగించుకుని, ఒళ్లో స్వరప్రతి పెట్టుకుని ఆయన ఒంటరిగా కూర్చున్నారు. వాద్యాలు మౌనం వహించాయి. నేను మొదలుపెట్టాను.

ఆయన రెండు అరచేతులతో చెవులు మూసుకున్నారు. తల వంచి చదువుకుంటున్నారు.

వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు వీపు ఆయన వైపు ఉంది, చూసింది నేనొక్కదాన్నే. ఏ మనిషి కోసం పాడుతున్నానో ఆ మనిషికి నా గొంతు అడ్డుగా ఉంది. ఆపాలనిపించింది. కానీ ఆధారం లేని పాటను ఆపితే శ్రుతి మళ్లీ దొరకదు. వేదిక ముందు వాద్యబృందం కూర్చునే గొయ్యిలో వయొలిన్లు కమానులు ఎత్తి నా కోసమే కాచుకుని ఉన్నాయి. పాడుతూ పోయాను. గొంతు చీలబోయే ఆ చోటుకు చేరాను. అది మునుపెన్నడూ పలకనంత సరిగ్గా పలికింది.

అప్పుడే ఆయనకు పుట తిప్పవలసి వచ్చింది. ఒక చేయి చెవి మీదినుంచి తీశారు. ఆ కాస్త వ్యవధిలో నేను ఆయన చెవిన పడ్డాను. పళ్లు జిల్లుమన్నట్టుగా ముఖం ముడుచుకుంది. గబగబా కాగితం తిప్పి మళ్లీ చెవి మూసుకున్నారు.

వయొలిన్లు రావడానికి ఆయన ఇంకా రెండు పుటలు తిప్పాలి.